తొందరేం లేదన్న అన్నం

శనివారం తెల్లారేసరికే శౌరయ్య గారింట్లో పని ముప్పాతిక వంతు తెమిలిపోయింది. కస్తూరి కోడికూర దించింది, గోంగూర మెదిపింది, పప్పుచారుకు పోపు పెట్టి మూత వేసింది. ఇక మిగిలింది అన్నం ఒక్కటే. అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో తెలిసినవాళ్ల ఇళ్లన్నీ తిరిగి అడిగి తెచ్చిన రైస్ కుక్కర్లు వంటింటి బల్ల మీద ప్రేయర్‌కి నిలబడ్డ బడిపిల్లల్లా వరసగా ఉన్నాయి. బియ్యం కడిగి, వేలు ముంచి ఎసరు చూసి, ఆమె మొదటి కుక్కర్ మీట మీద చెయ్యి వేసింది.

"ఆంటీ, నొక్కకండి!" అంటూ సింధుజ నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చింది.

"నొక్కకపోతే ఎట్టా ఉడుకుద్ది?"

"నొక్కినా వెలగదాంటీ. ఎప్పుడు వెలిగించాలో అదే చూసుకుంటుంది."

"అదంటే ఎవరు?"

"నా ఆల్గారిథమ్."

కస్తూరి కుక్కర్ల వంక, సింధుజ వంక మార్చి మార్చి చూసింది. పాతికేళ్ల కాపురంలో ఆమె ఎవరి అనుమతీ అడక్కుండా చేసిన పని ఏదన్నా ఉందంటే అది అన్నం వండటమే. "చూసుకుంటే సంతోషమే. కానీ దానికి ఆకలంటే తెలుసా అని," అంటూ కొంగుకు చెయ్యి తుడుచుకుంది.

ఆ పాతికేళ్ల సందర్భమే ఈ హడావుడంతా. శౌరయ్య, కస్తూరిల పెళ్లిరోజు. ఇంట్లో ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. నలభైమంది దాకా వస్తారు. కొడుకు ఏతాన్ ఉద్యోగానికి సిడ్నీ వెళ్లిపోవడంతో ఖాళీ అయిన గదుల్లో ఆ దంపతులు ఇద్దరు విద్యార్థుల్ని పెట్టుకున్నారు. మధిర నుంచి వచ్చిన సింధుజ ఒకరు, కరీంనగర్ చందు ఇంకొకరు.

సింధుజ చేస్తున్నది కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన. ఏ పని ఎప్పుడు వచ్చిపడుతుందో ముందుగా తెలియనప్పుడు యంత్రాన్ని ఎప్పుడు లేపాలి, ఎప్పుడు పడుకోబెట్టాలి, తక్కువ కరెంటుతో పనులన్నీ ఎలా గట్టెక్కించాలి అన్నది ఆమె సమస్య. ఆ శాస్త్రంలో దీన్ని ‘ఆన్‌లైన్’ అంటారు. ఇంటర్నెట్‌కూ దానికీ సంబంధం లేదు. రేపేం జరుగుతుందో తెలియకుండా ఇవాళే నిర్ణయం తీసుకోవడమని అర్థం. మన రైతులు తరతరాలుగా చేస్తున్నదదే. కాకపోతే వాళ్లకెవరూ డాక్టరేట్ ఇవ్వలేదు.

నిజానికి సింధుజకు ఇది పుస్తకాల కంటే ముందే తెలుసు. వాళ్ల నాన్నకు పిండిమర ఉంది. అరకిలో కారానికి ఆయన మోటారు వెయ్యడు. తట్టలూ గిన్నెలూ వరసలో చేరేదాకా గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతాడు. చేరాక వేస్తాడు. అందరిదీ ఆడించడం అయ్యాక కూడా వెంటనే కట్టెయ్యడు. సందు మొదట్లో ఎవరైనా గిన్నె చంకన పెట్టుకుని కనిపిస్తారేమోనని కాసేపు ఊరికే తిప్పుతాడు. ఎంతసేపు ఊరికే తిప్పవచ్చు, ఎప్పుడు కట్టెయ్యాలి అన్నది సింధుజ లెక్కగట్టి, నిరూపించి, దానికి ‘ఆగి చూడు’ అని పేరు పెట్టుకుంది.

గైడు ప్రొఫెసర్ హెలెన్ ఆ నిరూపణ చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే ఎవరికో మూడిందని డిపార్ట్‌మెంటంతటికీ తెలుసు. "లెక్కలో తప్పు లేదు. కానీ కొత్త ప్రశ్న ఏది? ఇవన్నీ పాత ప్రశ్నలకు చక్కని జవాబులు. పనుల్ని నానా వంకరగా పంపించే శత్రువొకడున్నాడని మనవాళ్లంతా ఊహించుకుంటారు. నువ్వూ వాణ్నే ఊహించావు," అంది. ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషే అనుకోండి, మనం తెలుగులో చెప్పుకుందాం. ఈ సోమవారమే కమిటీ కూర్చుంటుంది. కొత్త ప్రశ్న ఏదీ చూపించకపోతే పీహెచ్‌డీ కాస్తా మాస్టర్స్‌తో ముగుస్తుంది, పెట్టె సర్దుకోవాల్సిందే. "ఒక నిజమైన ఇంట్లో నడిపి చూపించు. కాగితం మీద కనపడనిది అక్కడేమన్నా కనపడుతుందేమో. సాయం ఏమన్నా కావాలా?" అని కూడా అడిగింది హెలెన్.

"అబ్బే, లేదు లేదు. అంతా బాగానే ఉంది," అంది సింధుజ. బయటికొచ్చి బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది.

నిజమైన ఇల్లంటే ఆమెకు తెలిసింది శౌరయ్య గారిల్లే. ఇంటికప్పంతా సోలార్ పలకలు. శౌరయ్య వాటిని చేను చూసుకున్నట్టు చూసుకునేవాడు. "మన కప్పు మీద పండింది మన ఇంట్లోనే తినాల. వీధిలోకి తోలేస్తే ఏం లాభం?" అనే ఆయనకు సింధుజ మాట చెవికెక్కింది. ఎలక్ట్రీషియన్ని పిలిపించి మీటరు పెట్టె దగ్గరే ఏసీలకూ, ఫ్యాన్లకూ, దీపాలకూ, ఇంట్లో ప్లగ్గులన్నిటికీ కొత్త స్విచ్‌లు పెట్టించాడు. అయితే మొదటి రోజుల్లో కస్తూరి వచ్చినప్పుడల్లా ఏదో ఒక మీట నొక్కి లెక్కంతా పాడుచేస్తుండటంతో సింధుజ అన్నిటికీ తాళం వేసేసింది. ఆ తాళం తీయాలంటే ఆమె లాప్‌టాప్ ఒక్కటే దారి. అంతేకాదు, ఇవాళ ప్రొఫెసర్ హెలెన్ భోజనానికి వస్తోంది. మధ్యలో మనిషి చెయ్యి పెడితే ప్రయోగం చెల్లదు.

గుమ్మం పక్కన ఒక టాబ్లెట్ నిలబెట్టారు. ఆల్గారిథమ్ నడిచేది దాంట్లోనే. వచ్చినవాళ్లు దాని మీద ఏం కావాలో నొక్కాలి. భోజనం, టీ, ఏసీ. ఎప్పటికి కావాలో కూడా నొక్కాలి. ఇప్పుడే, గంటలో, తొందరేం లేదు. ఏమీ అక్కర్లేకపోతే ‘ఏమీ వద్దు’. వెళ్లేటప్పుడు ‘బయల్దేరుతున్నాం’.

"ఏంది సింధూ, ఇంటి ముంగట టోల్‌గేట్ పెట్టినవ్?" అన్నాడు చందు.

"నువ్వే దాని దగ్గర నిలబడాలి. ఒక్కళ్లు కూడా నొక్కకుండా లోపలికి రాకూడదు. నా పీహెచ్‌డీ నీ చేతిలో ఉంది."

"గట్లనా? అయితే ఫస్టు నాకు టీ నొక్కుత."

బయట ఫిబ్రవరి ఎండ, ఆస్ట్రేలియాలో అది నడివేసవి. అడిలైడ్‌కు ఉత్తరాన ఉన్న ఎడారి మీంచి వచ్చే గాలి కొలిమి తిత్తిలా కొడుతోంది. ఆకాశమంతా ఎర్రదుమ్ము కమ్ముకుని, సూర్యుడు ముసుగులో ఉన్న పెళ్లికూతురిలా మసగ్గా కనిపిస్తున్నాడు. పైన పలకల మీద పంట ఆ రోజు అంతంతమాత్రమే.

మొదట వచ్చింది కృష్ణమూర్తి. తెలుగు సంఘంలో పెద్దమనిషి. కస్తూరి కోడికూర కోసం పొద్దున కాఫీ కూడా తాగకుండా వచ్చాడు. చందు టాబ్లెట్ ముందుకు జరిపాడు.

"అంకుల్, భోజనం నొక్కాల్నా?"

"అబ్బే, ఇప్పుడే టిఫిన్ చేసి వచ్చానోయ్. ఏమీ వద్దని పెట్టు."

"ఏసీ?"

"నా ఒక్కడి కోసం ఏసీ ఏమిటి? గాలి బాగానే వస్తోందిగా." ఆ మాటంటున్నప్పుడు ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

తర్వాత ప్రిస్సిల్లా వచ్చింది. కస్తూరికి చర్చిలో పెద్దదిక్కు, వరసకు వదిన. కుక్కర్లలో అందరికన్నా చిన్నదీ, అందరికన్నా కొత్తదీ ఆమెదే. "భోజనమా? కస్తూరిని కష్టపెట్టమాకు బాబూ. మాకేం తొందర? పెళ్లిరోజున అది కాసేపు కూచోవద్దా?" అంటూ ‘ఏమీ వద్దు’ తానే నొక్కి లోపలికి వెళ్లింది. ఆమె వెనక వచ్చినవాళ్లు ఆమె ఏం నొక్కిందో చూసి అదే నొక్కారు. ముందు మనిషి వద్దన్నాక కావాలని నొక్కే ధైర్యం ఎవరికుంటుంది?

సింధుజ లాప్‌టాప్‌లో చూస్తూ మురిసిపోయింది. నలభైమంది వచ్చారు, గిరాకీ సున్నా. ‘ఆగి చూడు’ కుక్కర్లను లేపలేదు. పెద్ద హాల్లో ఏసీ చల్లగా ఉండాలని ఎవరూ కోరలేదు కాబట్టి దాన్నీ లేపలేదు. ఫ్యాను ఒక్కటే నడిపింది. పిండిమర ఇంత పొదుపుగా ఏనాడూ నడవలేదు.

అప్పుడు ప్రొఫెసర్ హెలెన్ చేతిలో కేకు పెట్టెతో దిగింది. టాబ్లెట్ చూసి ముచ్చటపడి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కొక్కటే చదివి నొక్కింది. భోజనం: ఇప్పుడే. టీ: ఇప్పుడే. ఏసీ: ఇప్పుడే. "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. మీ ఆంటీ వంట గురించి విని ఆకలి దాచుకుని వచ్చాను," అంది, చందుతో.

గడువు మీద పడితే ఒక్కరి కోసమైనా యంత్రం లేవాల్సిందే. అది సింధుజ సిద్ధాంతంలో రెండో నియమం. ఒక్కరికి సరిపోయే చిన్న కుక్కర్ ఎర్రదీపం వెలిగింది. కెటిల్ బుసకొట్టింది. హాలు పక్కనే అద్దాల తలుపున్న చిన్న గదిలో ఏసీ జుమ్మని లేచింది. శౌరయ్య వినయంగా ఆవిడను ఆ గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

హాల్లో ప్రార్థన మొదలైంది. పాటలయ్యాయి, వాక్యమయింది, దంపతుల్ని దీవించడమయింది. నలభైమందీ పాటల కాగితాలతో విసురుకుంటున్నారు. చివరి ఆమెన్ అయ్యేసరికి అద్దాల తలుపవతల కనిపించిన దృశ్యం ఇది. హెలెన్ చల్లగా కూర్చుని, పొగలు కక్కుతున్న అన్నంలో గోంగూర కలుపుకుని, చెంచాతో కాదు, చేత్తో తింటోంది. ఒక పక్క టీ. మధ్య మధ్య అద్దంలోంచి హాలువైపు చూసి చెయ్యి ఊపుతోంది.

ప్రిస్సిల్లా చూపు ఆవిడ మీంచి వంటింటి బల్ల మీదికి పోయింది. మిగతా కుక్కర్లన్నీ చల్లగా పడి ఉన్నాయి. ఆవిరి వస్తున్నది ఒక్కదాంట్లోనే.

"కస్తూరీ, అది నా కుక్కర్ కాదూ?" అంది మెల్లగా.

"అవునొదినా."

"నా కుక్కర్లో వండి దొరసానికి పెట్టావు. నన్ను చెమట్లో కూచోబెట్టావు. బాగుందే అమ్మా."

కృష్ణమూర్తి అటు తిరక్కుండానే, "మనం మనవాళ్లమే కదమ్మా. మనకెందుకు మర్యాదలు?" అన్నాడు. ఆయన కడుపు అప్పుడే పెద్దగా ఒక శబ్దం చేసింది. దాంతో ఆయన మాటకు బలం వచ్చింది.

కస్తూరి పరిగెత్తినట్టు వచ్చి ప్రిస్సిల్లా చెయ్యి పట్టుకుంది. "లే వదినా, నాలుగు మెతుకులు తిందువుగాని."

"వద్దులే. ఆకలి లేదు."

"పొద్దుటినుంచి ఏం తిన్నావని ఆకలి లేదూ? అన్నయ్య గారూ, మీరన్నా చెప్పండి," అంటూ కృష్ణమూర్తి వైపు తిరిగింది.

"నిజంగా వద్దు కస్తూరీ. ఇంటికెళ్లి ఇంత చారన్నం తింటాలే."

"మా పెళ్లిరోజున ఇంటికెళ్లి చారన్నం తింటావా? అయితే నేనూ తినను. ఆయన్నీ తిననివ్వను. నా మీద ఒట్టే."

"సరే, నీ మాట తీసెయ్యలేక. కొంచెమే," అంది ప్రిస్సిల్లా.

ఆ ‘కొంచెమే’ అన్న మాటతో గట్టు తెగింది. హాల్లో ఒక్కొక్కరూ "మీరింతగా అడుగుతుంటే", "పెద్దవాళ్లు తింటుంటే మేం కాదంటామా" అంటూ లేచారు. నిమిషం ముందు సున్నా ఉన్న గిరాకీ గోడ ఎక్కి కూర్చుంది. చందు అందర్నీ వరసలో నిలబెట్టి టాబ్లెట్ దగ్గర నొక్కించాడు. అందరూ ‘భోజనం’ నొక్కారు. ఎప్పటికి అన్న చోట మాత్రం, పెళ్లివారింట్లో ‘ఇప్పుడే’ అని నొక్కడం ఏం మర్యాదని, అందరూ ‘తొందరేం లేదు’ నొక్కారు.

టాబ్లెట్ ఆలోచించింది. ఎర్రదుమ్ములో పలకల మీద వస్తున్న కరెంటంతా దొరసాని ఏసీకి సరిపోతోంది. మిగతావారికి తొందర లేదు. కాబట్టి అందరికీ ఒకే జవాబిచ్చింది. మీ భోజనం సాయంత్రం ఏడింటికి సిద్ధం.

కృష్ణమూర్తి దాన్ని బిగ్గరగా చదివాడు.

"సాయంత్రం ఏడింటికా?" అంది ప్రిస్సిల్లా. "అంటే ఇవాళ పెట్టేది లేదని గోడకు రాసి పెట్టారన్నమాట. పదండి పోదాం."

ఒకరు లేస్తే అందరూ లేవడం మన పద్ధతి. చెప్పులు వెతుక్కుంటున్న జనాన్ని చూసి చందు గాభరా పడ్డాడు. సింధుజ పొద్దున చెప్పిన మాట అతని తలలో మోగుతోంది, ఒక్కళ్లు కూడా తప్పిపోకూడదని. "ఆంటీ, పోయెటోళ్లు ఈడ నొక్కాలె. అంకుల్, మీరు గూడ," అంటూ ప్రతి ఒక్కరి చేతా ‘బయల్దేరుతున్నాం’ నొక్కించాడు.

అయితే ఆ మాటంటే మనవాళ్లు వెంటనే బయల్దేరతారని సింధుజ ఆల్గారిథమ్‌కు ఎవరు చెప్పారోగానీ అది నమ్మింది. మన ఇళ్లలో ‘వస్తాం’ అన్నాక గుమ్మంలో అరగంట, మెట్ల మీద పావుగంట, కారు దగ్గర మరికాస్త. ఆ లెక్క దానికెక్కడ తెలుసు? హాల్లో అతిథులెవరూ లేరని తేల్చుకుని అది హాల్లో ఫ్యాను కట్టేసింది. దీపాలూ ఆర్పేసింది.

గుమ్మంలో నిలబడ్డ నలభైమందీ తలెత్తి ఆగిపోతున్న ఫ్యాను రెక్కల వంక చూశారు.

"చూశారా?" అంది ప్రిస్సిల్లా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "లేచామో లేదో ఫ్యాను కూడా కట్టేశారు. గుంటూరులో శత్రువులింటికెళ్లినా ఇట్టా చెయ్యరు."

కస్తూరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూశాక సింధుజకు ప్రయోగమూ, కమిటీ ఏవీ గుర్తుకు రాలేదు. చెల్లకపోతే చెల్లకపోయింది, తాళం తీసేద్దామని గదిలోకి పరిగెత్తింది. లాప్‌టాప్ మూత తెరిచింది. తెర నల్లగా ఉంది. చార్జర్ కూడా ఆ స్విచ్‌లకే కలిపి ఉంది. పొద్దున చార్జింగ్ ఎప్పటికి కావాలని అడిగితే, ప్రొఫెసర్ వచ్చేవేళ కరెంటు ఎందుకు వాడాలని, ఆమె కూడా ‘తొందరేం లేదు’ అనే నొక్కింది.

ఆమె అలాగే నేల మీద కూలబడింది. గుమ్మంలో నీడ పడితే తలెత్తి చూసింది. హెలెన్. చేతిలో ఖాళీ పళ్లెం.

"అందరూ ఎందుకు వెళ్లిపోతున్నారు? భోజనం అద్భుతంగా ఉందిగా?" అంది హెలెన్.

"వాళ్లెవరూ తినలేదండీ," అంది సింధుజ. ఇక దాచేదేముందని, జరిగిందంతా చెప్పేసింది.

హెలెన్ కళ్లజోడు తీసింది. సింధుజ కళ్లు మూసుకుంది.

ఈలోగా శౌరయ్య ఎవరితోనూ ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్లాడు. అక్కడ గుడ్డ కప్పి ఉన్న బార్బెక్యూని బయటికి లాగాడు. పక్కింటివాళ్లు ఇల్లు మారుతూ ఇచ్చి వెళ్లిన గ్యాస్ పొయ్యి అది. మాంసం కాల్చడం తప్ప దాని మీద ఎవరూ ఏమీ వండలేదు. వంటింటి పొయ్యి మీద పట్టని, చర్చి విందులకు వాడే పెద్ద గిన్నె ఆయన దాని మీద పెట్టి, కుక్కర్లలో నానుతున్న బియ్యమంతా ఒక్కొక్కటే తెచ్చి పోశాడు. అగ్గిపుల్ల గీశాడు. ఈ పొయ్యికి ఎవరూ ఏ టాబ్లెట్ మీదా ఏమీ నొక్కక్కర్లేదు.

గ్యాస్ వాసనకు గుమ్మంలోని జనం మెల్లగా పెరట్లోకి జరిగారు. అందరూ ‘వస్తాం’ అని చెప్పేసినవాళ్లే కాబట్టి, వెళ్లకుండా ఉండటానికి ఒక వంక దొరకాలి. అది ప్రిస్సిల్లాకు దొరికింది.

"తమ్ముడూ, అవేం నీళ్లు? అన్నమా, చెరువా? తప్పుకో అటు," అంటూ ఆమె చీర బొడ్లో దోపి గరిటె లాక్కుంది. "అన్ని కుక్కర్ల ఎసరూ ఒక్కచోట పోస్తే ఇట్టాగే ఉంటది. ఓ చెంబుడు తీసెయ్. కస్తూరీ, నిలబడి ఏం చూస్తున్నావే? పళ్లేలు తే."

అన్నం పొంగింది. చెట్టు నీడలో గుడ్డలు పరిచారు. గాలి ఇంకా వేడిగానే ఉంది కానీ ఇప్పుడెవరూ విసురుకోవడం లేదు. కృష్ణమూర్తి మూడోసారి వడ్డించుకుంటూ, "పొద్దుటి టిఫిన్ అరగలేదుగానీ, మీరింత ప్రేమగా పెడుతుంటే..." అన్నాడు. ఆయన్ని చందు ఊరికే వదల్లేదు. "అంకుల్, ఏ టిఫిన్ తిన్నరో చెప్పుండ్రి జర?" అన్నాడు.

"వాణ్ని సోమవారం కమిటీకి పంపండి, ప్రశ్నలు బాగా వేస్తాడు," అన్నాడు కృష్ణమూర్తి. అందరూ నవ్వారు. సింధుజ తప్ప.

ఆమె మెట్ల మీద ఒంటరిగా కూర్చుంది. హెలెన్ వచ్చి పక్కన కూర్చుంది. కళ్లజోడు ఇంకా చేతిలోనే ఉంది.

"మూడోసారి వడ్డించుకున్న ఆ పెద్దాయనకు ఆకలిగా ఉంటే ఏమీ వద్దని ఎందుకు నొక్కాడు?"

"మొదటిసారే కావాలనడం మర్యాద కాదండీ."

"మరి ఎప్పుడు కావాలంటారు?"

"గట్టిగా అడిగాక. ఎన్నిసార్లు అడగాలన్నది అడిగే మనిషిని బట్టి ఉంటుంది. ప్రిస్సిల్లా ఆంటీకి కస్తూరి ఆంటీ ఒట్టు పెట్టాల్సి వచ్చింది."

"వెళ్తున్నామని నొక్కి వెళ్లకపోవడం?"

"అది వెళ్లేముందు చేసే పనండీ. వెళ్లడం కాదు."

"అంటే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు."

"లేదండీ. అది మొదటి జవాబంతే. అసలు జవాబు లోపలుంటుంది. బయటికి లాగాలి. మా నాన్న పిండిమర దగ్గర గిన్నెలు వరసలో ఉంటాయి. గిన్నెకు మర్యాదలుండవు. నేను ఆ గిన్నెల లెక్క తీసుకొచ్చి మనుషులకు పెట్టాను. తప్పు నాదే. సోమవారం కమిటీకి ఫెయిలైందని చెప్పేస్తాను."

హెలెన్ ఒక్క ఉదుటున లేచి నిలబడింది. ఒళ్లో పెట్టుకున్న ఖాళీ పళ్లెం జారి మెట్ల మీద పడింది.

"ఫెయిలేమిటి? ఇన్నాళ్లూ మనమంతా శత్రువునే ఊహించుకుంటూ వచ్చాం. మర్యాదస్తుణ్ని ఎవరూ ఊహించలేదు! వచ్చిన అభ్యర్థన నిజమో కాదో తెలియదు, అడిగితే మారుతుంది, అడగడానికి ఖర్చవుతుంది, అడగకపోతే నలభైమంది పస్తుంటారు. ఎన్నిసార్లు అడగాలి? ఎప్పుడు ఆపాలి? యంత్రాన్ని అప్పటిదాకా మెలకువగా ఉంచాలా, పడుకోబెట్టాలా? అమ్మాయ్, నేను అడిగిన కొత్త ప్రశ్న ఇదే!"

సింధుజ లోపల ఎక్కడో పిండిమర మోటారు లేచింది. మర్యాద ఉన్నవాడి విషయంలో ఊరికే తిప్పే సమయం పెంచాలి. కానీ ఎంత? ఒట్టు పెట్టేదాకానా? అప్పటికప్పుడే ఒక లెక్క కళ్ల ముందు కదిలింది.

హెలెన్ మళ్లీ కూర్చుంది. ఈసారి గొంతు తగ్గించింది. "ఒక్క మాట చెప్పు. ప్రతి వారం నేను నిన్ను సాయం కావాలా అని అడిగాను. నువ్వు ప్రతిసారీ అంతా బాగానే ఉందన్నావు. నేను నమ్మి తలుపేసుకున్నాను."

సింధుజ కింద పడ్డ పళ్లెం తీసి పక్కన పెట్టింది.

"సోమవారంలోగా ఇదంతా రాయాలి. నీకు సాయం కావాలా?"

"అబ్బే, మీకెందుకండీ శ్రమ," అంది సింధుజ. అనేశాక నాలుక కరుచుకుంది.

హెలెన్ పెరట్లోకి చూసింది. కస్తూరి ఎవరికో బలవంతాన గోంగూర వడ్డిస్తోంది. పళ్లేనికి చెయ్యి అడ్డం పెడుతున్నా ఆ వేళ్ల సందుల్లోంచే వేసేస్తోంది. హెలెన్ కాసేపు శ్రద్ధగా చూసి ఇటు తిరిగింది.

"రేపు ఆదివారమే. నాకు పనేమీ లేదు. సాయం కావాలా?"

"వద్దండీ, నేనే ఎలాగో..."

"నువ్వు కావాలనకపోతే నేను కూడా కమిటీకి రాను. మిగతావాళ్లనీ రానివ్వను. నా మీద ఒట్టు," అంది ప్రొఫెసర్ హెలెన్. చెయ్యి ఎక్కడ పెట్టి ఒట్టు వెయ్యాలో తెలియక తన నెత్తి మీదే పెట్టుకుంది.

సింధుజకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "కావాలండీ," అంది. "చాలా కావాలి. మొదటి రోజు నుంచీ కావాలి."

"మరి ఆ మాటకేం?" అని హెలెన్ కళ్లజోడు పెట్టుకుని, అటుగా వచ్చిన చందు చేతిలోంచి పెన్ను లాక్కుని, కేకు పెట్టె మూత మీద మొదటి గీత గీసింది. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఆ అట్ట మీద వాదులాడుకోవడం చూసి ప్రిస్సిల్లా, "ఆ పిల్ల కూడా తిననట్టుంది కస్తూరీ, పట్టుకెళ్లి పెట్టు. అడక్కు, అడిగితే వద్దంటది. ముద్ద కలిపి పెట్టేసెయ్," అంది.

అతిథులు మరోసారి వస్తామని చెప్పి, గుమ్మంలో అరగంట, కారు దగ్గర మరికాస్త గడిపి, ఈసారి కడుపు నిండా తిని వెళ్లారు. ప్రిస్సిల్లా తన కుక్కర్ తీసుకెళ్లనంది. "ఉంచుకో కస్తూరీ. పాపం అదొక్కటే ఇవాళ పని చేసింది." దొరసాని కోసం పని చేసిందన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. మిగతావాళ్లు తమ కుక్కర్లు రేపు తీసుకుంటామన్నారు. హెలెన్, సింధుజ కేకు పెట్టెతో సహా యూనివర్సిటీకి వెళ్లిపోయారు. చందును కూడా వెంట తీసుకెళ్లారు, మధ్య మధ్య అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయడానికి. శౌరయ్య పెద్ద గిన్నె చర్చిలో ఇచ్చి రావడానికి భార్యను కారెక్కించుకున్నాడు. వెళ్లేముందు కస్తూరి, ఎందుకైనా మంచిది, మళ్లీ ఎవరన్నా వస్తారేమోనని, ఖాళీ కుక్కర్లన్నిట్లో తాజాగా బియ్యం కడిగి పోసి, వేలితో ఎసరు చూసి పెట్టింది.

సాయంత్రానికి గాలి తిరిగింది. దుమ్ము సద్దుమణిగి, పొడుగాటి వేసవి ఎండ పలకల మీద నిండుగా పడింది. అందరూ ‘బయల్దేరుతున్నాం’ అని నొక్కారే గానీ భోజనం వద్దని ఎవరూ నొక్కలేదు. ఏడు కావస్తుండగా, భోజనాల వేళకని ఇల్లంతా చల్లబడింది, హాల్లో ఫ్యాను తిరిగింది, కుక్కర్ల ఎర్రదీపాలు వరసగా వెలిగాయి. తొందరేం లేదన్న నలభైమంది అన్నమూ, ఎవరూ లేని ఆ ఇంట్లో, ఒక్క మెతుకు కూడా మాడకుండా ఉడికింది.